మా ఇంటి భీవండి రైలు

నా చిన్నప్పుడు సిద్దిపేటకు రైలు లేదు గాని మా ఇంట్లో ఉండేది. ఈ మాట అంటే మా మనవడు నా వైపు అనుమానంగా చూస్తాడు. చూడనివ్వండి. ముందు గది గడప దగ్గర బయలుదేరి, గోడ వెంబడి సాగి, మా తాతయ్య మగ్గం గుంత దగ్గర ఒక్క వంపు తిరిగి, వంటింటి గడప దగ్గర ఆగే రైలు అది. ముందు గది గడప పేరు భీవండి. వంటింటి గడప పేరు సిద్దిపేట. మధ్యలో ఒక్క స్టేషన్ కూడా లేదు. ఎందుకు లేదని అడిగితే, "నడుమల మనోళ్లు ఎవ్వలున్నరు దిగనీకె?" అన్నాడు తాతయ్య.

మాది నేత ఇల్లు. రేకుల కప్పు కింద రెండు గదులు, ఒక వంటిల్లు. లోపలి గదిలో తాతయ్య గుంత మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, పొద్దున కూర్చున్నవాడు భోజనానికి గాని లేచేవాడు కాదు. నానమ్మ వంటింటి గడప దగ్గర రాట్నం వేసుకుని నూలును కండెలకు చుట్టేది. ముందు గదిలో మా బాపు మగ్గం ఉండేది. ఉండేది అంటున్నానంటే, తర్వాత లేదనేగా అర్థం. మా ఇంటి గొడవంతా అక్కడే మొదలైంది.

నేత కూలితో ఇల్లు గడవక, మా వాడకట్టులో చాలామంది లాగే బాపు కూడా బొంబాయి దగ్గరి భీవండికి, మరమగ్గాల పనికి పోయాడు. పోయినందుకు తాతయ్యకు కోపం లేదు. అయితే మా దగ్గర, పనికోసం దూరం పోయేవాళ్లు మగ్గం మీద పడుగును, అంటే నిలువు దారాలను, అలాగే ఉంచి, పైన పాత బట్ట కప్పి పోతారు. తిరిగి వచ్చి కూర్చుంటాను అని దాని అర్థం. బాపు అలా చేయలేదు. పోయే ముందు రోజు, తాతయ్య బజారుకు పోయిన సమయం చూసి, మగ్గాన్ని చెక్కకు చెక్క ఊడదీసి, తాడుతో కట్ట కట్టి గోడకు ఆనించాడు. మగ్గం విప్పడమంటే మా ఇళ్లలో ఇక నేయనని చెప్పడమే. తాతయ్య వచ్చి చూశాడు. కొడుకును ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం ఆ రోజుతో ఆగలేదు.

బాపు సెలవుకు వచ్చినప్పుడల్లా ఇద్దరి మధ్యా నేనే తిరిగేదాన్ని. "మీ బాపును అన్నం తినుమను" అనేవాడు తాతయ్య. "మీ తాతకు బీడీలు తెచ్చిన, తీసుకొమ్మను" అనేవాడు బాపు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినపడేంత దగ్గరలో కూర్చునే అనేవారు. అయినా నేను లేచి పోయి చెప్పాల్సిందే. మగ్గం మీద నాడె ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగినట్టు తిరిగేదాన్ని. ఆ నాడెకైనా కండె మార్చేటప్పుడు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నాకు అదీ లేదు. అమ్మ, నానమ్మ చూసీ చూడనట్టు ఉండేవారు. మగవాళ్ల పంతాల్లో వేలు పెట్టి ఎవరికి లాభమని వాళ్ల లెక్క.

ఒక చలికాలం పొద్దున నేను తాతయ్యను అడిగాను, బాపు ఎక్కిపోయే రైలు ఎట్లుంటదని. అమ్మ రైలు చూడలేదు. నానమ్మ కూడా చూడలేదు, "జెర్రి తీరుగ ఉంటదట" అని మాత్రం చెప్పింది. తాతయ్య ఒకే ఒక్కసారి, పండరిపురం పోయినప్పుడు రైలెక్కాడు. ఆయన చాలాసేపు ఆలోచించాడు. కిటికీలు గుర్తున్నాయట, పొగ గుర్తుందట, పక్కన కూర్చున్నాయన పెట్టిన పల్లీలు కూడా గుర్తున్నాయట. చక్రాలు ఎలా ఉన్నాయో, పట్టాల మీద ఎలా నిలుచున్నాయో మాత్రం చూడలేదట. చూడలేదన్న సంగతి ఆయనకు ఆ పొద్దే తెలిసినట్టుంది. ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి తాతయ్య ముందు గదిలో కూర్చుని రంపంతో చెక్కలు కోస్తున్నాడు. గోడకు ఆనించిన కట్ట విప్పి ఉంది. నానమ్మ నోటి మీద చేయి వేసుకుని నిలబడింది.

"కొడుకు మగ్గం కోస్తున్నవా?"

"ఇప్పినోనికి లేని బాధ కోసెటోనికెందుకు?" అన్నాడు తాతయ్య, తలెత్తకుండా.

ఆ చెక్కలే మా రైలుదారికి అడుగున పరిచే అడ్డచెక్కలయ్యాయి. నూలు బేళ్ల చుట్టూ బిగించి వచ్చే ఇనుప పట్టీలు మా వాడకట్టులో ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. అడ్డచెక్కల్లో రెండేసి గాట్లు కోసి, ఆ గాట్లలో పట్టీలను నిలువుగా దిగగొడితే అవే పట్టాలు. చక్రాలకు టైలర్ దుకాణంలో పారేసిన చెక్క రీళ్లు తెచ్చాం. దారం రీలుకు రెండు వైపులా అంచు ఉంటుంది కదా, ఆ అంచులు పట్టాలకు బయటి వైపు ఉండి రీలును పక్కకు జారనివ్వవు. పాత గొడుగు పుల్లలు ఇరుసులు. ఇంజనుకు చాయ్‌పత్తి డబ్బా. పెట్టెలకు మొదట అగ్గిపెట్టెలు కట్టి చూశాం గాని ఉత్తగాలికే ఒరిగిపోయేవి. తర్వాత తాతయ్య తన తంబాకు డబ్బాలు త్యాగం చేశాడు. త్యాగం అనే అంటున్నాను, ఎందుకంటే ఆ తర్వాత వారం పాటు ఆయన తంబాకు కాగితంలో కట్టుకుని, అది జేబులో ఒలికి, నా మీద విసుక్కున్నాడు.

రైలును నడిపేది నానమ్మ. ఇంజనుకు ఒక పొడుగు నూలు పోగు కట్టి, దాని రెండో కొసను రాట్నం మీది కండెకు చుట్టాడు తాతయ్య. నానమ్మ రాట్నం తిప్పితే పోగు కండెకు చుట్టుకుంటుంది, రైలు భీవండి నుంచి సిద్దిపేటకు నడిచి వస్తుంది. వంపు దగ్గర పోగు దారి తప్పకుండా నేలలో ఒక రీలు నిలబెట్టాం. తిరిగి భీవండికి పంపడానికి వెనక పెట్టెకు కట్టిన పోగును నేను చేత్తో లాగాలి. మొదటిసారి నడిచిన రోజు వాడకట్టు పిల్లలంతా మా గడపలో కిక్కిరిశారు. పక్కింటి అక్క ఇంజనుకు కుంకుమ బొట్టు పెట్టి, ముందు పెట్టెలో బెల్లం ముక్క వేసింది. ఆ బెల్లం ముక్క భీవండిలో ఎక్కి, మగ్గం గుంత వంపు తిరిగి, సిద్దిపేటలో నానమ్మ కాళ్ల దగ్గర దిగింది. నానమ్మ దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. అంత సంతోషం నాకు తర్వాత చాలా పెద్ద పెద్ద విషయాల్లో కూడా దొరకలేదు.

అట్లని అంతా సంతోషమే అనుకోకండి. ఇంట్లో రైలు కట్టినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. రీలు పగిలేది. గాటు వదులై పట్టీ ఒరిగేది. అమ్మ ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి దారి అంగుళం జరిగేది, అంగుళం జరిగితే వంపు చెడేది. అమ్మ కాలి వేలికి పట్టీ గీసుకున్న రోజు రైలుకు, తాతయ్యకు, నాకు కలిపి దీవెనలు అందాయి. తాతయ్యకు సహనం ఎక్కువని వాడకట్టంతా అనుకునేది. వాళ్లు ఆయన్ను మగ్గం మీదే చూశారు. రైలు దగ్గర చూడలేదు. కోపం వస్తే ఇంజనును తీసి మగ్గం గుంతలోకి విసిరేసి, బీడీ పట్టుకుని బయటికి పోయేవాడు. బీడీ అయిపోయాక వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గుంతలోకి దిగి, ఇంజనును వెతికి తీసుకుని, సొట్ట సరిచేసేవాడు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరం మాట్లాడకూడదు.

ఎండాకాలం వచ్చేసరికి మాకు అంతుపట్టని కష్టం ఒకటి మొదలైంది. పొద్దున చాయ్ తాగాక రైలును భీవండికి పంపేవాళ్లం. చక్కగా పోయేది. భోజనాలయ్యాక ఇంటికి పిలిచేవాళ్లం. వంపు దగ్గరికి రాగానే పడిపోయేది. పొద్దున పోయిన దారే, అదే రైలు, వచ్చేటప్పుడు మాత్రం పడిపోతుంది. తాతయ్య చక్రాలు మార్చాడు. పోగు మార్చాడు. నన్ను అనుమానించాడు, బల్లిని అనుమానించాడు, రాట్నం గుంజుతున్నావని నానమ్మతో తగవు పెట్టుకున్నాడు. ఏం చేసినా మధ్యాహ్నం అయ్యేసరికి పట్టీ అక్కడ పాములా వంకర తిరిగి ఉండేది. సాయంత్రం చల్లబడ్డాక చూస్తే ఏమీ ఎరగనట్టు తిన్నగా ఉండేది.

మిగతావాళ్లకు ఇదొక ఆట. నానమ్మకు కాదు. "పోయేటప్పుడు మంచిగ పోతది, ఇంటికి రాంగనే పడ్తది. నాకైతె ఇది మంచిగ కొడ్తలేదు" అని రాట్నం మీద చేయి ఆపేసి కూర్చునేది. ఆమె ఏమనుకుంటోందో చెప్పనక్కర్లేదు. అసలు ఆ వంపు దగ్గర రైలు పడితే తాతయ్య ముఖం కూడా మామూలుగా ఉండేది కాదు. ఆయన రైలు కట్టింది నా కోసమని నేను అప్పట్లో గర్వపడేదాన్ని. కాదని ఇప్పుడు తెలుసు. కొడుకును తీసుకుపోయే దాని సంగతేమిటో ఆయన తెలుసుకోవాలనుకున్నాడు. అడగడానికి నోరు రాక, చేత్తో కట్టుకున్నాడు.

పక్కింటి అక్క పెళ్లి కుదిరింది. భీవండి నుంచి వచ్చిన ఒకాయన, బాపు పెళ్లికి వస్తున్నాడనీ, అక్కడ మాకోసం వేరే గది మాట్లాడాడనీ, ఈసారి పోయేటప్పుడు అమ్మనూ నన్నూ తీసుకుపోతాడనీ చెప్పాడు. ఇల్లు చిన్నబోయింది. తాతయ్య పోవద్దనలేదు, పొమ్మననూ లేదు. నాకు భీవండి పోవాలనే ఉంది. కాని ఒక భయం పట్టుకుంది. నేను కూడా పోతే ఈ ఇద్దరి మధ్య మాట మోసేవాళ్లు ఎవరూ ఉండరు. వీళ్లు ఇలాగే విడిపోతే మళ్లీ ఎప్పటికీ మాట్లాడుకోరు. ఆ వయసులో కూడా ఇది నాకు బాగా అర్థమైంది.

బాపు వచ్చాడు. గడప దాటబోయి, కింద రైలు చూసి కాలు వెనక్కి తీసుకున్నాడు. కూర్చుని అడ్డచెక్కల మీద చేయి పెట్టాడు. ఏళ్ల తరబడి తన చేతులు రాసుకుని నునుపెక్కిన చెక్క. దాన్ని ఆయన గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? బొటనవేలితో ఒకసారి రాసి చూసి లేచాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు నాతో. విప్పి దాచిన మగ్గం ఇలా ముక్కలవుతుందని ఆయన అనుకోలేదు. ఇప్పుడు ఇద్దరూ సమానమే. ఒకాయన విప్పాడు, ఒకాయన కోశాడు, ఇద్దరికీ ఆ చెక్కే ముల్లైంది.

పక్కింటి అక్క పెళ్లయి అత్తగారింటికి పోయింది. మా ప్రయాణం తెల్లారితే అనగా ఆ మధ్యాహ్నం, రేకుల కింద ఇల్లు కుంపటిలా ఉంది. అమ్మ మూటలు కడుతోంది. తాతయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాపు గడపలో, అంటే భీవండిలో, కూర్చున్నాడు. నానమ్మ ఏమనుకుందో రాట్నం ముందుకు లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. రైలు కదిలింది. గోడ వెంబడి వచ్చింది. వంపు దగ్గర పడిపోయింది. నానమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బాపు లేచి వచ్చి పట్టీని వేలితో ముట్టుకుని, చురుక్కుమని చేయి తీసుకున్నాడు. రెండు కొసలూ చూశాడు. ఒక పట్టీ కొసకు ఇంకో పట్టీ కొస ఆనించి, చివరి పట్టీలను గడపలకు మేకులతో బిగించి ఉంది.

"మీ తాతనడుగు బిడ్డా, పట్టీలు గింత బిగ్గెందుకు కొట్టిండని."

"మీ బాపుకు చెప్పు, పడుగు వదులైతె బట్ట చెడ్తదని. నేసుడు మర్సిపోయినట్టున్నడు."

ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. మూటల దగ్గర నుంచి అమ్మ కూడా చూస్తోంది. నాకు ఒక్కసారిగా ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"నాకు గొంతు నొస్తుంది. మీరే చెప్పుకోండ్రి" అని, పోయి మగ్గం గుంతలో దిగి, చెవులు మూసుకుని కూర్చున్నాను. మూసుకున్నాను గాని వేళ్లు కాస్త వదులుగానే పెట్టాను.

ఎవరో ఒకరు లేచి బయటికి పోతారనుకున్నాను. పోలేదు.

"నాయినా" అన్నాడు బాపు. నేను గుంతలో చెవుల నుంచి వేళ్లు తీసేశాను. "ఇనుము ఎండకు పెరుగుతది. రెండు దిక్కుల బిగ్గొడితె ఎటు పోవాలె అది? నడుమల వంకర వోతది. పట్టీకి పట్టీకి నడుమ జర సందు ఇడువాలె."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు తాతయ్య.

"నేనుండే రూమ్ పట్టాల పక్కనే. డ్యూటీకి గా పట్టాల పొంటే పోతం. ఎండకాలం లైన్ చూసెటోళ్లు వచ్చి గా సందులే చూస్తరు."

"రూమ్‌ల ఎంతమంది ఉంటరు?"

"పది మందిమి. డ్యూటీలు వేరే వేరే. ఒగలు లేస్తె ఒగలు పంటం."

"గాలి వస్తదా?"

"రైలు పోతె వస్తది" అన్నాడు బాపు. అని చిన్నగా నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. కొడుకు ఎక్కడ ఉంటున్నాడో, ఎలా పడుకుంటున్నాడో ఆయన అడగడం అదే మొదలు. నేను మెల్లగా తల పైకెత్తి చూశాను. బాపు అప్పటికే మేకులు ఊడదీస్తున్నాడు. తాతయ్య ఆకురాయి తెచ్చి పట్టీ కొసను రాకుతున్నాడు.

"ఎంత సందు?"

"గింత" అని బాపు వేళ్లతో చూపించబోయాడు. వేళ్లతో చూపించడానికి వీలుకానంత సన్నం అది. తాతయ్య గోడకు వేలాడుతున్న పాత అచ్చును దింపాడు. మగ్గం మీద పడుగు దారాలను వరుస తప్పకుండా పట్టి ఉంచే పనిముట్టు అది, దువ్వెనలాగా సన్నటి పుల్లలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక పుల్ల విరిచి ఇచ్చాడు. దాన్ని రెండు పట్టీల మధ్య పెట్టి, పట్టీని దగ్గరికి జరిపి, పుల్లను లాగేస్తే సరిగ్గా కావాల్సినంత సందు. బాపు తలూపాడు.

తాతయ్య చేతిలో అచ్చును అలాగే పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. "పుట్టినకాన్నుంచి గీ సందులల్లకెల్లి దారం తీసుకుంటనే బతికిన. సందు లేకుంటె దారం ఎట్ల పోతది? గీ పట్టీల కాడికి వచ్చెతాల్కు యాదికి రాలే" అన్నాడు. ఆయన పడుగు బిగువే చూశాడు, ఆ బిగువును నడిపించే అచ్చును మరిచిపోయాడు. నేసేవాడు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒక్కో అతుకూ సరిచేస్తూ వచ్చారు. వంపు దగ్గరికి వచ్చేసరికి, పని ఆపకుండానే తాతయ్య అడిగాడు.

"మగ్గం ఎందుకు ఇప్పినవురా?"

బాపు పుల్లను పట్టీల మధ్య పెట్టాడు, తీశాడు. "అట్లనే కప్పి పోతె, యాదికొచ్చి మల్ల వస్తనేమోనని."

"వస్తె ఏమాయె?"

"వస్తె ఇల్లెట్ల గడుస్తది, నాయినా?"

ఆకురాయి చప్పుడు ఆగింది. అన్నాళ్లూ తాతయ్య అనుకున్నదేమిటంటే, కొడుకు ఈ ఇంటినీ ఈ పనినీ వద్దనుకుని మగ్గం విప్పాడని. తిరిగి రావాలనిపించే దారిని కొడుకు తనకు తానే మూసుకున్నాడని ఆయనకు తోచలేదు. "గా మాట ఆ దినమే చెప్పకపోతివి" అన్నాడు. "నువ్వు అడగకపోతివి" అన్నాడు బాపు. మళ్లీ ఆకురాయి మొదలైంది. కాని తాతయ్య కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఇనుప పొడి పడిందని నానమ్మతో చెప్పాడు, ఎవరూ నమ్మలేదు.

పని అయ్యేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. నానమ్మ రాట్నం తిప్పింది. రైలు భీవండిలో కదిలింది, ఈసారి ఇంతకుముందు లేని చప్పుడు చేస్తూ. అతుకు దాటినప్పుడల్లా టక్, టక్ మంటోంది. బాపు చెవి ఒగ్గి, "గిదే. అసలు రైలు గిట్లనే మోగుతది" అన్నాడు. తాతయ్య ముఖం వెలిగిపోయింది. "అవు, పండరిపురం పోయిన్నాడు రాత్రంత గిదే చప్పుడు" అన్నాడు. కిటికీలు, పొగ, పల్లీలు గుర్తుండి మరిచిపోయినది ఇదన్నమాట. రైలు గోడ వెంబడి వచ్చింది, వంపు తిరిగింది, కొంచెం ఊగింది, పడలేదు. సిద్దిపేటకు చేరింది. నానమ్మ ఇంజనును ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ఎవరడిగినా ఇవ్వలేదు.

మర్నాడు తాతయ్య మమ్మల్ని బస్టాండులో వదిలి వెనక్కి పోవాల్సినవాడు, బస్సెక్కి కూర్చున్నాడు. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగితే కొడుకుతో కలిసి చాయ్ తాగాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో మేం రైలు కోసం చూస్తుంటే ఆయన కనపడలేదు. వెతికితే ప్లాట్‌ఫాం చివరన వంగి, కింది పట్టాలను చూస్తున్నాడు. తిరిగి వచ్చి ఎంతో తృప్తిగా, "ఉన్నది" అన్నాడు. పట్టాల మధ్య సందు ఉందని. ఇక కొడుకు కుటుంబాన్ని ఆ రైలెక్కించడానికి ఆయనకు అభ్యంతరం లేదు.

రైలు కదిలే ముందు రుమాలు కొసన కట్టుకున్న ముడి విప్పి, ఆ అచ్చు పుల్ల నా చేతిలో పెట్టాడు. "గాడ ఎవ్వలతోనన్న నీకు పడకుంటె, ఇది నడుమల వెట్టి చూడు" అన్నాడు. నేను నిజంగానే పెట్టి చూశాను. భీవండిలో పక్క గది పిల్లతో గొడవైనప్పుడు ఆ పిల్ల పుస్తకానికీ నా పుస్తకానికీ మధ్య పుల్ల పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏమీ కాలేదు. కాని అలా కూర్చున్నంతసేపు తిట్టడం మరిచిపోయాను. ఆ తర్వాత ఆ పిల్లే నవ్వింది. కొన్నేళ్లకు బాపు తిరిగి వచ్చి సిద్దిపేటలోనే బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మగ్గం మళ్లీ ఎక్కలేదు. తాతయ్య మళ్లీ ఎక్కమననూ లేదు. సాయంత్రాలు ఇద్దరూ గడపలో కూర్చుని మాట్లాడుకునేవారు, మాటలు అయిపోతే ఊరికే కూర్చునేవారు. ఆ ఊరికే కూర్చోవడం మునుపటి మౌనం లాంటిది కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు మా సిద్దిపేటకే రైలు వచ్చింది. చూడ్డానికి మనవడితో పోయాను. మా తాతయ్యలాగే ప్లాట్‌ఫాం చివరికి పోయి వంగి చూస్తే, పట్టాలు ఎక్కడికక్కడ అతికి ఉన్నాయి. నాకు కంగారుగా అనిపించింది. "ఇప్పుడు వెల్డింగ్ చేస్తరు నానమ్మా, ఎండకు తట్టుకునే లెక్క వేరే ఉంటది" అని మనవడు నాకు పాఠం చెప్పాడు. ఇనుము సంగతి వాళ్లకు తెలుసు, నాకు తృప్తే. మనుషులకు మాత్రం ఇంకా వెల్డింగ్ రాలేదు.

మనవడికి రైలు పిచ్చి నా నుంచే వచ్చిందని మా అబ్బాయి నన్ను నిందిస్తాడు. కోమటి చెరువు వైపు ఉన్న మా ఇంటి హాలంతా వాడి బొమ్మ రైలుదే. అదీ కుదురుగా నడవదు, వాడూ మా తాతయ్యలాగే ఇంజను విసిరేస్తాడు, మళ్లీ తెచ్చుకుంటాడు. మొన్న పరీక్షల ముందు హాలులో రైలు పరుచుకున్నాడని మా అబ్బాయి కోపంతో పట్టాలన్నీ ఊడబెరికి డబ్బాలో వేశాడు. మనవడు గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం వేళకు లోపలి నుంచి గొంతు వినపడింది.

"నానమ్మా, డాడీకి చెప్పు, నాకు ఆకలి లేదు."

"అమ్మా, వానికి చెప్పు, ఆకలి లేకుంటె మానుమని."

నేను మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. "నాకు గొంతు నొస్తుంది" అన్నాను. లేచి నా పర్సులోంచి ఆ పుల్ల తీసి మా అబ్బాయి అరచేతిలో పెట్టాను. వాడికి దాని కథ తెలుసు, చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో. కాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, తలుపు కింది సందులోంచి దాన్ని లోపలికి తోశాడు. "పట్టాలు నేను ఊడబెరకకుండ ఉండాల్సిందిరా. పరీక్షలైనంక ఇద్దరం కలిసి వేద్దాం" అన్నాడు తలుపుతో.

మేం పళ్లాల ముందు కూర్చున్నాం, కాని ఎవరం మొదలుపెట్టలేదు. కొంతసేపటికి తలుపు కింది నుంచి పుల్ల మెల్లగా బయటికి వచ్చింది. వెంటనే గడియ తీసిన చప్పుడు. నేను మూడో పళ్లెం వడ్డించి, పుల్లను కొంగుతో తుడిచి పర్సులో పెట్టుకున్నాను.